‘కష్టాలున్నోళ్ళకి దిగులు మామూలే’: డిప్రెషన్‌ను మామూలు డాక్టర్లు ఎందుకు చూడలేకపోతున్నారు?

డిప్రెషన్ వచ్చిందని చెప్పుకుని ఎవరూ ఆసుపత్రికి రారు. అనకాపల్లి జిల్లా బుచ్చయ్యపేట లాంటి మండలంలో అసలే రారు. చెరకు నరకడానికో, ఉపాధి హామీ పనికో పోయే ఆడకూలీ డాక్టరు ముందు కూర్చుంటే చెప్పేవి వేరే మాటలు. నీరసంగా ఉంది. తల పోటు తగ్గట్లేదు. ఒళ్ళంతా నొప్పులు. గుండె దడ. అన్నం సయించట్లేదు. రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, మళ్ళీ నిద్ర పట్టట్లేదు.

డాక్టరు బీపీ చూస్తారు. కళ్ళ కింద రెప్ప లాగి రక్తం తక్కువుందంటారు. బీ కాంప్లెక్స్ సూది, గ్యాస్ మాత్ర, నొప్పుల మాత్ర రాస్తారు. నిద్ర పట్టట్లేదన్నారు కాబట్టి వారానికి సరిపడా నిద్రమాత్రలు ఇస్తారు. నెల తిరగకుండా ఆ మనిషి మళ్ళీ అదే నీరసంతో వస్తుంది, లేదా రావడం మానేసి ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుంటుంది. డిప్రెషన్ అనే మాట ఈ మొత్తం తిరుగుడులో ఒక్కసారి కూడా ఎవరి నోటా రాదు.

ఇది ఒక్క మండలం కథ కాదు, ఒక్క ఆసుపత్రి తప్పూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో బెంగళూరుతో సహా 14 దేశాల్లోని కేంద్రాల్లో ఒక పెద్ద అధ్యయనం చేసింది. సాధారణ డాక్టర్ల దగ్గరకు వచ్చినవాళ్ళలో డిప్రెషన్ ఉన్నవాళ్ళను గుర్తించి, వాళ్ళు దేనికోసం వచ్చారో చూస్తే, నూటికి 69 మంది శరీర బాధలు మాత్రమే చెప్పారు. కాబట్టి ఒంటి నొప్పుల మాటున డిప్రెషన్ రావడం చదువులేని పల్లె జనం అలవాటు అనుకుంటే పొరపాటు. బాధ అన్ని దేశాల్లోనూ ముందు ఒంటి మీదే కనపడుతుంది. దాన్ని చదవాల్సిన పని డాక్టరుది.

దిగులు వేరు, డిప్రెషన్ వేరు

మనిషి చనిపోతే ఏడుస్తాం. పంట పోతే, అప్పు తీరకపోతే బెంగ పెట్టుకుంటాం. అది జబ్బు కాదు. అయితే మనసు కుంగిపోవడం, ఇంతకుముందు ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి చచ్చిపోవడం, రెండు వారాలకు తగ్గకుండా దాదాపు ప్రతి రోజూ, రోజులో ఎక్కువసేపు ఉంటే డాక్టరు ఆగి ఆలోచించాలి. దానికి తోడు నిద్ర, ఆకలి చెడిపోవడం, ఏ పనీ చేయలేని అలసట, దేని మీదా ధ్యాస నిలవకపోవడం, ‘నేనెందుకూ పనికిరాను’ అనే భావన, బతకాలనిపించకపోవడం లాంటివి కూడితే అది డిప్రెషన్. వైద్యం ఉన్న జబ్బు.

ఈ జబ్బు అరుదు కాదు. నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌కు గురయ్యారు. వైద్యం అవసరమై కూడా అందనివాళ్ళు నూటికి 80 మందికి పైనే ఉన్నారని అదే సర్వే చెప్పింది. దేశంలో సైకియాట్రిస్టులు లక్ష జనాభాకు ఒకరు కూడా లేరు. ఉన్నవాళ్ళూ నగరాల్లోనే ఉన్నారు. కాబట్టి ఎక్కువమందికి డిప్రెషన్‌కు దొరికే మొదటి డాక్టరు, చాలాసార్లు చివరి డాక్టరు కూడా, ఎంబీబీఎస్ చదివిన మామూలు డాక్టరే. ఆయన మనసులో ఈ జబ్బు గురించి ఏముందన్నది చిన్న విషయం కాదు.

డాక్టరు మనసులోని నాలుగు మాటలు

సాధారణ డాక్టర్లు డిప్రెషన్‌ను ఎలా చూస్తారో కొలవడానికి 1992లోనే బ్రిటన్‌లో ఒక ప్రశ్నావళి తయారైంది. ఆ తర్వాత చాలా దేశాల్లో వాడారు. 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ 41 అధ్యయనాలను, 50 వేల మందికి పైగా రోగులను కలిపి చూసింది. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో సగం మందిని కూడా, కచ్చితంగా చెప్పాలంటే 47.3 శాతాన్నే, సాధారణ డాక్టర్లు గుర్తించగలిగారని తేల్చింది. సౌకర్యాలున్న దేశాల పరిస్థితే ఇది.

మన పల్లె డాక్టర్ల ఆలోచనలో అడ్డుపడేవి ముఖ్యంగా నాలుగు.

మొదటిది, ‘కష్టాలున్నోళ్ళకి దిగులు మామూలే’. ఇందులో దయ ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ పేదరికం వల్ల క్షయ వస్తే ‘పేదోళ్ళకి దగ్గు మామూలే’ అని ఏ డాక్టరూ పంపించేయరు. తెమడ పరీక్ష రాస్తారు, ఆరు నెలల మందు ఇస్తారు. కారణం సమాజంలో ఉన్నంత మాత్రాన జబ్బు జబ్బు కాకుండా పోదు. డిప్రెషన్ విషయంలో మాత్రం కారణాన్నే వైద్యం చేయకపోవడానికి సాకుగా వాడుతున్నారు.

రెండోది, ‘ఇది నా పని కాదు, వాల్తేరు వెళ్ళండి’. ఎంబీబీఎస్‌లో సైకియాట్రీకి విడిగా పేపరు లేదు, జనరల్ మెడిసిన్‌లో ఒక భాగం మాత్రమే. వార్డులో గడిపేది కొద్ది వారాలు. అక్కడ చూసేది ఎక్కువగా ముదిరిన కేసుల్ని. నీరసమని వచ్చే కూలీలో డిప్రెషన్‌ను పట్టుకోవడం ఆ చదువు నేర్పదు. తెలియని జబ్బును పెద్దాసుపత్రికి రాసేయడం డాక్టరుకు సురక్షితం. కూలీకి మాత్రం అది బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి, తోడు వచ్చేవాళ్ళ ఇంకో రోజు కూలి. పైగా వాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి వెళ్ళొచ్చారని ఊళ్ళో తెలిస్తే పడే పేరు. అందుకే ఆ చీటీల్లో చాలా భాగం మడతపెట్టినవి మడతపెట్టినట్టే ఇంట్లో ఉండిపోతాయి.

మూడోది, ‘టైము లేదు’. ఇది అబద్ధం కాదు. ఓపీలో వరస కట్టి నిలబడిన జనం మధ్య ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు దాటవు. కానీ అందరికీ ఒకేలా టైము లేకపోతే అది పనిభారం. కొందరికి కుర్చీ చూపించి, కొందర్ని నిలబెట్టే మాట్లాడి పంపేస్తే అది వేరే సంగతి.

నాలుగోది, ‘వీళ్ళకి చెప్పినా అర్థం కాదు, మాత్రలు సరిగ్గా వేసుకోరు’. ఈ ‘వీళ్ళు’ ఎవరో విడమరచి చెప్పక్కర్లేదు.

జ్వరానికీ డిప్రెషన్‌కీ తేడా

దళితుల ఆరోగ్యం మీద పనిచేసే మాలాంటి వాళ్ళం ఎప్పుడూ చెప్పే విషయమే అయినా, డిప్రెషన్ దగ్గర దాన్ని కొత్తగా చెప్పాల్సి ఉంది.

2001-02లో 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో జరిగిన అంటరానితనం సర్వే ఫలితాలు 2006లో పుస్తకంగా వచ్చాయి. దాదాపు మూడో వంతు గ్రామాల్లో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్ళకు వెళ్ళడం లేదని ఆ సర్వేలో తేలింది. సర్వే చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. గుజరాత్, రాజస్థాన్‌లలో దళిత పిల్లలకు వైద్యం అందే తీరును పరిశోధించిన సంఘమిత్ర ఆచార్య వివక్షను విడివిడి భాగాలుగా చూపించారు. ముట్టుకుని పరీక్షించారా, ఎంతసేపు మాట్లాడారు, మందు చేతికిచ్చారా లేక దూరం నుంచి పడేశారా, ఎంతసేపు వేచి ఉండేలా చేశారు. ‘వైద్యం నిరాకరించారా లేదా’ అనే ఒక్క ప్రశ్నతో ఇవేవీ బయటకు రావు.

ఇప్పుడు డిప్రెషన్ సంగతి చూద్దాం. మలేరియాకు రక్తపరీక్ష ఉంది. డాక్టరు మొహం చూడకుండా, పేరు అడగకుండా, విసుక్కుంటూ మందు ఇచ్చినా ఆ మందు పనిచేస్తుంది. అవమానం అవమానమే, కానీ జ్వరం తగ్గుతుంది. డిప్రెషన్‌ను పట్టిచ్చే రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. డాక్టరు అడగడం, రోగి చెప్పడం, డాక్టరు వినడం, ఇవే పరీక్ష. వైద్యంలో సగం కూడా ఇదే. కాబట్టి కులం డాక్టరుకీ రోగికీ మధ్య మాటను ఎక్కడ తెంపుతుందో, అక్కడే జబ్బు నిర్ధారణ కూడా తెగిపోతుంది. మిగతా జబ్బుల్లో వివక్ష వైద్యానికి తోడుగా వచ్చే గాయం. డిప్రెషన్‌లో వివక్షే వైద్యం లేకపోవడం.

రోగి వైపు నుంచి కూడా అంతే. ‘ఇంట్లో ఏమైనా ఇబ్బందా?’ అని డాక్టరు అడిగారనే అనుకుందాం. రైతు దగ్గర పాలేరుతనం చేసే మనిషి ఆ రైతు బంధువే డాక్టరైనప్పుడు, లేదా ఆ గదిలో నర్సో కాంపౌండరో ఆ ఊరి పెద్ద కులం వాళ్ళే అయినప్పుడు, తనను కులం పేరుతో తిట్టారని, ఊళ్ళో అందరి ముందూ తల దించుకోవాల్సి వచ్చిందని చెప్పగలరా? ‘ఏం లేదండీ, నీరసం’ అంటారు. డాక్టరు రాసుకునేది కూడా అదే.

ఈ భారం ఊహ కాదు. ఆశిష్ గుప్తా, డయాన్ కాఫీ 2020లో ప్రచురించిన పరిశోధన ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి సర్వే సమాచారాన్ని విశ్లేషించింది. ఆధిపత్య కులాల హిందువులతో పోలిస్తే దళితుల, ముస్లింల మానసిక ఆరోగ్యం అధ్వాన్నంగా ఉందని, చదువు, ఆస్తి, ఖర్చు స్థాయి సమానంగా ఉన్నవాళ్ళను పోల్చినా ఆ తేడా పూర్తిగా పోలేదని చూపించింది. అంటే ‘పేదరికం వల్ల’ అనే ఒక్క మాటతో దీన్ని సర్దేయలేం.

‘పిచ్చి’ అనే ముద్ర భయం

డాక్టరు డిప్రెషన్ మాట ఎత్తినా మనవాళ్ళు ఎందుకు వెనక్కి తగ్గుతారో అర్థం కావాలంటే ఈ ప్రాంతంలోనే జరిగిన ఒక ఘటన గుర్తు చేసుకోవాలి. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసిన దళిత వైద్యుడు డాక్టర్ సుధాకర్ 2020 ఏప్రిల్‌లో కరోనా సమయంలో ఎన్-95 మాస్కులు లేవని బయటకు మాట్లాడారు. సస్పెండ్ అయ్యారు. మే 16న విశాఖ నడిరోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టి పోలీసులు ఆయనను పట్టుకెళ్ళిన దృశ్యాలు దేశమంతా చూసింది. మానసిక స్థితి బాగోలేదన్నారు. కేజీహెచ్ నుంచి మానసిక ఆసుపత్రికి పంపారు. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. 2021 మే 21న ఆయన గుండెపోటుతో చనిపోయారు.

నర్సీపట్నం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనే ఉంది. ప్రశ్న అడిగిన దళిత డాక్టరుకే ‘మనసు బాగోలేదు’ అనే మాట ఆ విధంగా తగిలినప్పుడు, అదే మాట తమ ఆరోగ్య కార్డు మీద రాస్తే ఏమవుతుందోనని కూలీ మనిషి భయపడడంలో తప్పేముంది? ఈ భయాన్ని ‘అవగాహన లేకపోవడం’ అని కొట్టిపారేసే డాక్టర్లు ఆ భయం వెనక ఉన్న అనుభవాన్ని చూడటం లేదు. ‘ఇది పిచ్చి కాదమ్మా, బీపీ లాంటి జబ్బే, ఇక్కడే నయం చేస్తాం, ఎవరికీ చెప్పం’ అనే నాలుగు మాటలు మందు కన్నా ముందు ఇవ్వాల్సినవి.

పీహెచ్‌సీలో ఏం చేయొచ్చు

డిప్రెషన్‌ను గుర్తించడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది. గత రెండు వారాల్లో ఈ ఇబ్బందులు ఎన్ని రోజులు ఉన్నాయని అడిగి 0 నుంచి 27 వరకు మార్కులు వేస్తారు. అందులో మొదటి రెండు ప్రశ్నలు చాలు, ఇంకా అడగాలో వద్దో తేలిపోతుంది. మనసు దిగులుగా ఉంటోందా? పనుల మీద ఆసక్తి పోయిందా? బీపీ చూసే ఏఎన్‌ఎం గానీ, విలేజ్ క్లినిక్‌లోని ఆరోగ్య అధికారి గానీ వీటిని అడగగలరు. రక్తహీనత, థైరాయిడ్ ఉన్నాయేమో చూడాలి. అవి ఉన్నంత మాత్రాన డిప్రెషన్ లేదని కాదు.

మధ్యస్థం, తీవ్రం అయిన డిప్రెషన్‌కు ఫ్లూఆక్సెటిన్, ఎమిట్రిప్టిలిన్ లాంటి మందులు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. ఖరీదైనవి కావు. ఎంబీబీఎస్ డాక్టరు రాయొచ్చు. ఇక్కడ రోగికి చెప్పి తీరాల్సిన విషయాలు మూడు. మందు వేసుకున్న మర్నాడే గుణం కనిపించదు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదట్లో వికారం, మత్తు లాంటివి రావొచ్చు. బాగైందని మధ్యలో ఆపేయకూడదు, కోలుకున్నాక కూడా కొన్ని నెలలు కొనసాగించాలి, డాక్టరు చెప్పాకే మెల్లగా తగ్గించాలి. ఇవి చెప్పకుండా చీటీ రాసి పంపితే వారంలో మానేస్తారు. అప్పుడు ‘వీళ్ళు మాత్రలు సరిగ్గా వేసుకోరు’ అనే మాట నిజమైనట్టు కనిపిస్తుంది.

అల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు డిప్రెషన్‌కు వైద్యం కాదు. ఆ పూటకు నిద్ర వస్తుంది, జబ్బు అలాగే ఉంటుంది, పైగా మాత్రకు అలవాటు పడతారు. పల్లెల్లో ఎక్కువ తేలిగ్గా దొరుకుతున్నవి ఇవే కావడం విషాదం.

చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని కొందరు డాక్టర్లు భయపడతారు. అలా జరగదు. అడిగితే మనిషికి భారం దిగుతుంది. 2021లో దేశంలో ఆత్మహత్యతో చనిపోయిన 1,64,033 మందిలో 42,004 మంది రోజు కూలీలేనని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. అంటే నలుగురిలో ఒకరు. ఆ ప్రశ్న అడగకుండా ఓపీ దాటించే హక్కు డాక్టరుకు లేదు. అవునని చెప్పినవాళ్ళను, ఒకప్పుడు విపరీతమైన ఉత్సాహం, ఆ తర్వాత కుంగుబాటు ఉన్నవాళ్ళను, లేనివి వినిపిస్తున్నాయనే వాళ్ళను సైకియాట్రిస్టు దగ్గరకు పంపాలి. పంపడమంటే చీటీ రాయడం కాదు. ఫోన్ చేసి చెప్పి, తోడిచ్చి, తిరిగొచ్చాక అడగడం.

మన దగ్గరే జరిగి చూపించారు

ఇదంతా ఇక్కడ కుదరదనేవాళ్ళకు సమాధానం పక్క జిల్లాల్లోనే ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ అనే ప్రాజెక్టు నడిపింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలు అడిగారు. అవసరమైనవాళ్ళ వివరాలు పీహెచ్‌సీ డాక్టరుకు చేరాయి. ఏం చేయాలో డాక్టరుకు అదే ట్యాబ్ దారి చూపింది. ముద్ర భయం పోగొట్టడానికి ఊళ్ళో ప్రచారం కూడా చేశారు. 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం, జబ్బు ఉండొచ్చని తేలినవాళ్ళలో వైద్యం తీసుకున్నవాళ్ళు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. ఇంకా తక్కువే. కానీ నూటికి ఒకరు కూడా లేని చోట పన్నెండు మంది వచ్చారంటే, రాకపోవడానికి కారణం జనం మూఢత్వం కాదని తేలింది.

గోవాలో విక్రమ్ పటేల్ బృందం ఊరివాళ్ళకే శిక్షణ ఇచ్చి పీహెచ్‌సీల్లో కౌన్సిలర్లుగా పెట్టింది. 2010లో ప్రచురించిన ఫలితాల్లో, కౌన్సిలర్లున్న ప్రభుత్వ కేంద్రాల్లో ఆరు నెలలకు 65.9 శాతం కోలుకుంటే, లేనిచోట 42.5 శాతమే కోలుకున్నారు. వాళ్ళు సైకియాట్రిస్టులు కాదు. కూర్చోబెట్టి వినడం నేర్చుకున్న మనుషులు. మన దగ్గర ఆ పనికి దళితవాడల నుంచి చదువుకున్న అమ్మాయిలను తీసుకుంటే, పైన చెప్పిన తెగిన మాట మళ్ళీ కలుస్తుంది.

చట్టం ఇచ్చింది, అడగాల్సింది

2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 18వ సెక్షన్ మానసిక వైద్యాన్ని హక్కుగా గుర్తించింది. కులం ఆధారంగా వివక్ష లేకుండా అందాలని ఆ సెక్షన్‌లో స్పష్టంగా రాసి ఉంది. ప్రాథమిక స్థాయి నుంచే మామూలు వైద్యంలో భాగంగా ఉండాలని ఉంది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్ళకు ఉచితమని ఉంది. ప్రభుత్వ డాక్టర్లందరికీ మానసిక వైద్యంలో కనీస శిక్షణ ఇవ్వాలని 31వ సెక్షన్ చెబుతోంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించాలే తప్ప శిక్షించకూడదని 115వ సెక్షన్ అంటోంది. అంటరానితనం కారణంగా ఆసుపత్రిలోకి రానివ్వకపోవడం 1955 పౌరహక్కుల రక్షణ చట్టం 5వ సెక్షన్ కిందే నేరం.

అదే చట్టంలో ఒక లోటు కూడా ఉంది. అత్యవసర మానసిక మందులు ఎల్లవేళలా ఉచితంగా ఉంచాలన్న హామీ సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైకి మాత్రమే. పీహెచ్‌సీకి ఆ హామీ లేదు. మండల కేంద్రంలో జబ్బు గుర్తించి, మందు కోసం పట్టణానికి పంపితే ఆ కూలీ ఎన్ని నెలలు తిరగగలరు?

కాబట్టి అడగాల్సినవి స్పష్టం. ప్రతి పీహెచ్‌సీలో కనీసం రెండు డిప్రెషన్ మందులు నిరంతరం ఉండాలి. మీ డాక్టరుకు 31వ సెక్షన్ శిక్షణ ఇచ్చారా అని సమాచార హక్కు కింద అడగాలి. డాక్టరు ఊరికి వచ్చి చూసే రోజున ఆ శిబిరం దళితవాడలో కూడా పెట్టాలి. మాట వినపడని గదిలో, కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడాలి. ఈ లోపు ఎవరికైనా భారంగా అనిపిస్తే టెలీ-మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

చివరిగా మనలో మనం అనుకోవాల్సిన మాట కూడా ఒకటుంది. ‘ఇది కులం పెట్టిన బాధ, మాత్రతో పోతుందా?’ అని మన ఉద్యమాల్లోనూ వినపడుతుంది. మాత్రతో కులం పోదు, నిజమే. కానీ మంచం మీంచి లేవలేని మనిషి ఏ పోరాటానికీ రాలేరు. కులం మీద కొట్లాట మనం ఆపం. ఆ కొట్లాట ముగిసేదాకా వైద్యం ఆగాలని మాత్రం ఏ డాక్టరూ, ఏ నాయకుడూ చెప్పడానికి వీల్లేదు.